సరిపోలని గొంతు

“భయపడకు రత్నం. ఇందాక చెప్పిన మాటే మళ్లీ చెప్పు,” అన్నారు డాక్టర్ రెహానా.

గరికిన నూకరత్నం మెడకి చుట్టిన నల్లటి పట్టీని వేళ్లతో తడుముకుంది. అది చర్మానికి అంటుకుని వెచ్చగా ఉంది. గొంతెత్తాల్సిన పని లేదని, గుసగుసగా పెదవులు కదిపితే చాలని డాక్టర్ ముందే చెప్పారు. రత్నం అలాగే గుసగుసలాడింది.

“మాది గంగమ్మపాలెమండి. సేపలమ్ముతానండి. ఎగువకొండ మీద ఇంటికి లోను కావాలండి.”

బల్ల మీదున్న చిన్న స్పీకర్లోంచి మాత్రం ఇంకెవరో మాట్లాడారు. “మాది గంగమ్మపాలెం. నేను చేపల వ్యాపారం చేస్తాను. ఎగువకొండలో ఇంటి కోసం రుణం కావాలి.” చదువుకున్న ఆడమనిషి గొంతు. తొందర లేదు, బెరుకు లేదు. రత్నం వెనక్కి తిరిగి చూసింది. ఆ ప్రయోగశాలలో వాళ్లిద్దరూ తప్ప ఎవరూ లేరు.

బల్ల మీద తెర ఒక్క క్షణం వెలిగి ఆరి, మళ్లీ వెలిగింది. రుణం మంజూరైంది. ఎగువకొండ కాలనీలో ఇంటి నంబరు కూడా వచ్చింది.

రత్నం చాలాసేపు ఆ తెరకేసి చూస్తూ ఉండిపోయింది. అదే పేరు, అదే ఇల్లు, అదే సంపాదన. కిందటి వారం తన సొంత గొంతుతో అడిగితే కుదరదన్నారు. ఆమె పట్టీ విప్పి బల్ల మీద పెట్టి అడిగింది.

“అయితే మేడమ్‌గారూ, తప్పు నా గొంతుదేనా?”



ఆ కాలానికి విశాఖ తీరం రూపు మారిపోయింది. సముద్రం ఏటేటా లోపలికి రావడంతో, ఒకప్పుడు జనం సాయంకాలాలు తిరిగిన రోడ్ల మీద ఇప్పుడు పోటు వేళ మోకాలి లోతు నీళ్లు నిలబడుతున్నాయి. ఊరు మెల్లగా కొండలెక్కింది. కొండ మీద కట్టిన కొత్త కాలనీల్లో ఇళ్లన్నీ లోను మీదే ఇస్తారు. లోను దొరికినవాడు పైకి పోతాడు. దొరకనివాడు కింద ఉంటాడు, తుపాను వచ్చినప్పుడు అటక ఎక్కుతాడు. బతకడానికీ మునగడానికీ మధ్య ఉన్నది ఆ లోనే.

ఆ లోన్లు ఇచ్చే మేరువు రుణ సంస్థలో నిర్ణయాలు మనుషులు చెయ్యరు. శ్రుతి అనే యంత్రం చేస్తుంది. దరఖాస్తు చేసేవాళ్లని అది నాలుగు మాటలు మాట్లాడమంటుంది. వాళ్లు ఏం చెప్పారన్నదానికన్నా ఎలా చెప్పారన్నది దానికి ముఖ్యం. ఎక్కడ ఆగారు, ఏ అక్షరం సాగదీశారు, ఏది మింగేశారు, అన్నీ కొలుస్తుంది. అంతకుముందు లోన్లు తీసుకున్న లక్షల మంది గొంతుల్ని దానికి వినిపించారు. వీళ్లు తిరిగి కట్టారు, వీళ్లు కట్టలేదు అని చెప్పారు. మిగతాది అదే నేర్చుకుంది. గంగమ్మపాలెం లాంటి పల్లెల వాళ్లకి పూర్వం లోన్లు ఇచ్చిందే తక్కువ. ఇచ్చిన కొద్దిమందీ తుపానుకి పడవలు పోయి కట్టలేకపోయారు. కాబట్టి ‘చేప’ని ‘సేప’ అనే గొంతు వినపడగానే శ్రుతి తలుపు మూసేయడం నేర్చుకుంది. బెస్తవాళ్లకి ఇవ్వొద్దని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

మెడ పట్టీ డాక్టర్ రెహానా తయారుచేసినదే. గొంతు క్యాన్సర్‌తో మాట పోయినవాళ్ల కోసం ఆమె దాన్ని చేశారు. గొంతు కండరాల కదలికని పట్టుకుని, దాన్ని మాటగా మార్చి, శుభ్రమైన పుస్తకాల తెలుగులో వినిపిస్తుంది. రత్నం ఆమె ఇంటికి ఏళ్ల తరబడి చేపలు తెచ్చేది. లోను రాలేదని ఒకనాడు గుమ్మంలో గంప దించి ఏడ్చింది. “కారణం అడిగావా?” అన్నారు రెహానా. అడిగింది. అడిగే హక్కు చట్టంలో ఉంది. సంస్థ మేనేజరు తల గోక్కుని, “మొత్తం మీద అంచనా సరిపోలేదని వచ్చిందమ్మా. ఎందుకో నాకూ తెలీదు,” అన్నాడు. పొదుపు సంఘంలో ఒక్క వాయిదా కూడా తప్పని మనిషికి అంచనా ఎందుకు సరిపోలేదో రెహానాకి అంతుపట్టలేదు. చదువుకునే రోజుల్లో అద్దె గదుల కోసం ఫోన్ చేస్తే, సరే రమ్మన్నవాళ్లు పేరు వినగానే గది లేదన్న సంగతి ఆమె మర్చిపోలేదు. అందుకే పట్టీ తీసుకొచ్చి రత్నం మెడకి పెట్టి, అదే దరఖాస్తు మళ్లీ పెట్టించారు.

ఇల్లు వచ్చిందని తెలిసి రత్నం మొగుడు ఎల్లాజీ చాలా రోజుల తర్వాత నవ్వాడు. వల బాగుచేస్తున్నవాడు సూది పక్కన పెట్టి తల్లి మంచం దగ్గరికెళ్లాడు.

“అమ్మా, ఇంక నిన్ను అటకెక్కించక్కర్లేదు.”

అప్పాయమ్మకి పక్షవాతం వచ్చి నడుం కింద ఒళ్లు పడిపోయింది. మాట, తెలివి నిక్షేపంగా ఉన్నాయి. కిందటి తుపానుకి నీళ్లు గడప దాటి మంచం కోళ్లని ముంచాక ఆమెను ఎత్తి అటక మీద పెట్టడానికి కొడుకూ కోడలూ సరిపోలేదు. పక్కింటి తెడ్డు పోలమ్మ నడుం లోతు నీళ్లని తోసుకుంటూ వచ్చి భుజం పట్టింది. ఈసారి నీళ్లు అటక దాకా వస్తాయని వాతావరణ కేంద్రం ముందే చెబుతోంది.

“పెట్టె సర్దు,” అంది అప్పాయమ్మ కోడలితో. “ఏటలా నిలబడిపోనావు?”

“ఇది నాకొచ్చింది కాదత్తా. ఆ పట్టీకొచ్చింది.”

“ఎవలికొస్తే ఏటి? ఇల్లు ఇల్లే.”

రత్నం పెట్టె దించింది. కానీ ఆ రోజే పోలమ్మ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఆమెకి మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. మూడోసారి కూడా కుదరదన్నారట. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయి వచ్చినట్టుంది.

“నీకెలగొచ్చింది రత్నం? నానూ నువ్వూ ఒకే సంఘం. ఒకే బేరం. ఏటి సెప్పినావో నాకూ సెప్పు. అదే సెప్తాను.”

ఎల్లాజీ పెళ్లాం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మొత్తం చెప్పేసింది.

మర్నాడు పోలమ్మని వెంటబెట్టుకుని రత్నం ప్రయోగశాలకి వెళ్లింది. పట్టీ పోలమ్మకీ పెట్టమని అడిగింది. రెహానా కుదరదన్నారు.

“పట్టీలో ఉన్నది ఒక్కటే గొంతు రత్నం. ఇద్దరు మనుషులు ఒకే గొంతుతో వస్తే శ్రుతి పట్టేస్తుంది. ఇంకో గొంతు తయారుచెయ్యాలంటే నెలలు పడుతుంది. తుపాన్లు అంతకాలం ఆగవు.”

“అయితే మా పాలెం వోళ్లందరూ ఏటయిపోవాలండి?”

“ఒక దారి ఉంది. ఒకే వివరాలకి రెండు గొంతులు, రెండు జవాబులు. ఇంతకన్నా గట్టి రుజువు ఉండదు. రుణ ఫిర్యాదుల కార్యాలయంలో దీన్ని చూపిస్తే శ్రుతి గొంతుల్ని కొలవడం ఆపించొచ్చు. కాకపోతే ఫిర్యాదు నువ్వే పెట్టాలి. పట్టీ సంగతి బయటపెట్టాలి. నీకొచ్చిన ఇంటికి ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను.”

ఇంట్లో ఆ మాట విని ఎల్లాజీ లేచి బయటికెళ్లిపోయాడు. తిరిగొచ్చాక నెమ్మదిగానే మాట్లాడాడు.

“మా అమ్మని సూడవే. ఆవిణ్ణి నీళ్లలో ఒగ్గీసి ఊరిని కాపాడతావా?”

“పోలమ్మ రాకపోతే మీ అమ్మ అప్పుడే పోయేది మావా.”

ముసలామె మంచం మీంచి ఇద్దర్నీ వింటూనే ఉంది, మధ్యలో కలగజేసుకోలేదు.

ఫిర్యాదుల కార్యాలయం కొండ మీద, గాలి బాగా వచ్చే చోట ఉంది. విచారణాధికారి ధనుంజయరావు మంచివాడనే పేరున్న మనిషి. రత్నాన్ని కుర్చీలో కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఆమె పక్కన రెహానా, వెనక పోలమ్మ కూర్చున్నారు. సొంత గొంతుతోనే మాట్లాడమని రెహానా ముందే చెప్పడంతో పట్టీ చేతిసంచిలో ఉంది.

బల్ల మీది మైకు పలికింది. “ఫిర్యాదీ తన పేరు చెప్పాలి.”

“గరికిన నూకరత్నమండి.”

“గొంతు సరిపోలలేదు. ఫిర్యాదీ స్వయంగా మాట్లాడాలి.”

“నానేనండి.”

“గొంతు సరిపోలలేదు.”

ధనుంజయరావు ఇబ్బందిగా కదిలాడు. ఆ రోజుల్లో సంతకం అంటే గొంతే. లోను మంజూరైన మనిషి గొంతుని సంస్థ దాచుకుంటుంది, అన్ని కార్యాలయాలూ దాన్నే గుర్తుగా వాడతాయి. కుదరదన్నవాళ్ల గొంతుల్ని దాచరు, తుడిచేస్తారు. కాబట్టి లోకంలోని రికార్డులన్నిటిలోనూ గరికిన నూకరత్నం అంటే ఆ పట్టీలోని ఆడమనిషే.

“ఆమె అసలు గొంతు ఇదేనండి,” అన్నారు రెహానా.

“నేను నమ్ముతాను డాక్టర్ గారూ. కానీ గొంతు నమోదు కాకుండా నేనీ ఫిర్యాదు వినడానికి లేదు. విన్నా చెల్లదు.”

రత్నం ఇద్దరి మొహాలూ చూసింది. సంచిలోంచి పట్టీ తీసి మెడకి చుట్టుకుంది. పేరు గుసగుసలాడింది.

“సరిపోలింది. నమస్కారం నూకరత్నం గారూ. మీ ఫిర్యాదు చెప్పండి,” అంది మైకు.

రత్నం చెప్పడం మొదలుపెట్టింది. నా మాట ఇనగానే నన్ను తోసీసినారని ఆమె అంటే, “నా ఉచ్చారణ ఆధారంగా నన్ను తిరస్కరించారు” అని స్పీకరు అంది. మా పాలెం గుంటలు నీళ్లలో బతుకుతున్నారని అంటే, “మా ప్రాంతంలోని పిల్లలు వరద ప్రమాదంలో ఉన్నారు” అంది. అత్తని అటకెక్కించిన సంగతి చెబుతూ రత్నం ఏడ్చేసింది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఆ పట్టీకి ఏడుపు మాట కాదు, చప్పుడు. చప్పుళ్లని తీసేసేలా దాన్ని చేశారు. గదిలో ఆ చదువుకున్న గొంతు మాత్రం ఎక్కడా వణక్కుండా, సావకాశంగా, ముసలామె మంచం చుట్టూ నీళ్లు లేచిన కథ చెప్పుకుపోయింది. రెహానా తల దించుకున్నారు. తను చేసిన యంత్రం అంత బాగా పనిచేస్తుందని ఆమె అప్పటిదాకా అనుకోలేదు.

తర్వాత ధనుంజయరావు, ఎవరి గొంతో సరిచూడటం మాత్రం శ్రుతిలో ఆపించి, అందరి ముందూ పరీక్ష పెట్టాడు. పోలమ్మ తన వివరాలు తన గొంతుతో చెప్పింది. శ్రుతి కుదరదంది. అవే వివరాలు రత్నం పట్టీతో చెప్పింది. మంజూరంది. ధనుంజయరావు మళ్లీ చేయించాడు. మళ్లీ అదే వచ్చింది. సంస్థ తరఫున వచ్చిన లాయరు ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు.

తీర్పు తుపాన్ల కాలానికి కాస్త ముందు వచ్చింది. రెహానా స్వయంగా గంగమ్మపాలెం వచ్చి గుమ్మంలో నిలబడి చదివి వినిపించారు. శ్రుతి ఇకమీదట ఎవరి మాటతీరునీ లెక్కలోకి తీసుకోకూడదు. తీరప్రాంతాల్లో కుదరదన్న దరఖాస్తులన్నీ వెంటనే తిరిగి చూడాలి. ఆ యంత్రానికి అన్ని ప్రాంతాల మాటలూ నేర్పాలి.

చుట్టూ మూగిన ఆడవాళ్లు ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకున్నారు. రెహానా చదవడం ఆపేశారు.

“ఇంకా ఉన్నట్టుంది సదవండి,” అంది రత్నం.

“ఫిర్యాదీకి లోను మంజూరైంది కాబట్టి ఆమెకి నష్టం జరగలేదు. కనుక పరిహారం లేదు. అయితే ఆ మంజూరు పొందిన గొంతు గల మనిషి ఎవరూ లేరని ఫిర్యాదీయే రుజువు చేసింది. కనుక ఆ మంజూరు చెల్లదు. గొంతు మార్చి దరఖాస్తు చేసినందుకు ఒక ఏడాది పాటు ఆమె కుటుంబం కొత్త దరఖాస్తు పెట్టకూడదు.”



“నేను అప్పీలు వేస్తాను రత్నం. ఇవాళే వేస్తాను.”

“ఎప్పటికి తేలుతుందండి?”

“తుపాన్ల కాలం దాటాక.”

ఎల్లాజీ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా అతనికి ఓపిక లేదు. “అందరికీ తలుపు తీసినావు. మన మీద గొళ్లెం పడిపోనాది,” అన్నాడు. ఆ మాటలో నింద కూడా లేకపోవడం రత్నానికి ఇంకా కష్టంగా అనిపించింది.

పాలెం ఖాళీ కావడం మొదలైంది. రోజుకి కొన్ని కుటుంబాలు ఆటోల్లో సామాన్లు వేసుకుని కొండెక్కాయి. వెళ్లేవాళ్లు రత్నం గుమ్మం ముందు ఆగి, ఏం చెప్పాలో తెలీక, ఆమె చెయ్యి పట్టుకుని వదిలేసి వెళ్లారు. కొందరు ఆ గుమ్మం ముందుకి రాకుండా వెనక సందులోంచి వెళ్లిపోయారు. సముద్రం రంగు మారింది. వాతావరణ కేంద్రం రెండో హెచ్చరిక ఇచ్చింది.

అందరికన్నా చివర బయల్దేరింది పోలమ్మ. సామాను ఆటోలో పెట్టి పిల్లల్ని ఎక్కించి రత్నం ఇంట్లోకి వచ్చింది.

“ముసలమ్మని నాతో పంపు.”

“ఎలగ పంపుతాను? రాసుకున్నోళ్లని తప్ప ఉండనివ్వరు కదా.”

“ఇంటికో పెద్దమనిషిని రాసుకోవచ్చంట. నాకు అత్త లేదు. మీ అత్తని మా అత్త అని రాయించీసినాను. ఇంక గేటు కాడ ఆవిడ నన్ను కోడలని సెప్పాలంతే.”

రత్నం మంచం వైపు చూసింది. అప్పాయమ్మ కళ్లు మూసుకుంది.

“నాను పోను. నా కోడలు ఇక్కడుంది.”

ఎల్లాజీ వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె కాళ్లని ఒళ్లో పెట్టుకుని, స్పర్శ లేని ఆ పాదాలని చాలాసేపు రుద్దాడు. చివరికి ముసలామె కళ్లు తెరిచింది. “మీ ఇద్దరూ ఏటయిపోతారు?” అంది. గట్టు మీద బడి మేడ ఉందని, నీళ్లొస్తే అక్కడికి పరిగెత్తగలమని, ఆమెను మోసుకుని మాత్రం పరిగెత్తలేమని రత్నం చెప్పింది. అది అబద్ధం కాదు.

ఎల్లాజీ పడవ లాగి కట్టడానికి ఉండిపోయాడు. రత్నం అత్తని వీపున వేసుకుని ఆటో దాకా, ఆటో ఆగిన చోటు నుంచి ఎగువకొండ గేటు దాకా మోసుకెళ్లింది. ముసలామె తేలిగ్గా ఉంది. దారి పొడుగునా పోలమ్మ పేరు తనలో తను అనుకుంటూ వచ్చింది.

గేటు దగ్గర మనుషులు లేరు. గోడలో మైకు ఉంది. అందులోనూ శ్రుతే. తీర్పు తర్వాత దానికి తీరం మాటలన్నీ నేర్పారు.

“పెద్దమ్మ గారూ, మీ పేరు, మీ కోడలి పేరు చెప్పండి,” అంది.

అప్పాయమ్మ తన పేరు చెప్పింది. తర్వాత రత్నం భుజం మీద తల ఆనించి ఆగిపోయింది. పోలమ్మ పిల్లలు గేటుకి అవతల నిలబడి చూస్తున్నారు.

“పోలమ్మ,” అంది చివరికి.

“నమోదైంది. మోస్తున్నవారు ఎవరు? ఈమెకి మీరేమవుతారు?”

రత్నం మెడ మీద పట్టీ లేదు. సొంత గొంతుతోనే చెప్పింది.

“ఏటీ అవనండి. ఈవిడెవులో నాకు తెల్దు. కూలికి మోసుకొచ్చినాను.”

మైకు ఒక్క మాటకి కూడా తడుముకోలేదు, మళ్లీ చెప్పమని అడగలేదు.

“మీ మాట స్పష్టంగా అర్థమైంది. ధన్యవాదాలు. మీరు వెళ్లవచ్చు.”

గేటు తెరుచుకుంది. పోలమ్మ చక్రాల కుర్చీ తెచ్చి ముసలామెని దింపుకుంది. అప్పాయమ్మ చెయ్యి ఇంకా కోడలి కొంగు పట్టుకునే ఉంది. మైకు వింటూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ మాట్లాడలేదు. రత్నం వంగి ఆ వేళ్లని మెల్లగా విప్పింది. తర్వాత కూలి మనిషి వెళ్లినట్టే, వెనక్కి తిరిగి చూడకుండా కొండ దిగింది.